రాజ్యాంగ సవరణలో రాష్ట్రాల మాట



మన రాజ్యాంగాన్ని ఎవరు మార్చవచ్చు? పార్లమెంటు అని చాలామంది వెంటనే జవాబు చెబుతారు. అది సగం జవాబే. రాజ్యాంగంలో కొన్ని భాగాలను ముట్టుకోవాలంటే లోక్‌సభ, రాజ్యసభ రెండూ ఒప్పుకున్నా చాలదు. దేశంలో కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు కూడా సరేనంటూ తీర్మానం చేయాలి. అంటే మనం ఓటు వేసి హైదరాబాదుకో, అమరావతికో పంపిన ఎమ్మెల్యేకి కూడా రాజ్యాంగాన్ని మార్చడంలో వాటా ఉంది. ఆ వాటా ఎలా వచ్చింది, దాన్ని మనం ఎలా వాడుకుంటున్నాం అన్నదే ఈ రోజు నా ప్రసంగం.

1946 డిసెంబరు 9న ఢిల్లీలో రాజ్యాంగ సభ మొదటిసారి కూర్చుంది. అప్పటికింకా పాలన బ్రిటిషు వాళ్లదే. ఆ ఏడాది బ్రిటన్ నుంచి వచ్చిన కేబినెట్ మిషన్ ఇచ్చిన పథకం ప్రకారం కేంద్రం చేతిలో మూడే విషయాలు ఉండాలి. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా, తంతి వంటి సమాచార సాధనాలు. మిగతావన్నీ రాష్ట్రాలవే. ముస్లిం లీగును ఒకే దేశంలో నిలుపుకోవాలంటే కేంద్రం బలహీనంగా ఉండక తప్పదన్న లెక్క అది. డిసెంబరు 13న నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానంలో సైతం అవశిష్ట అధికారాలు, అంటే ఎవరికీ ప్రత్యేకంగా అప్పగించని మిగతా అధికారాలు, రాష్ట్రాలవేనని ఉంది.

1947 జూన్ 3న దేశ విభజన ప్రకటన వెలువడింది. దాంతో ఆ లెక్క మొత్తం తారుమారైంది. నెల తిరిగేసరికి నెహ్రూ అధ్యక్షతన పనిచేస్తున్న కేంద్రాధికారాల కమిటీ, బలహీనమైన కేంద్రం దేశానికి ప్రమాదమని, శాంతిభద్రతలు కాపాడలేదని తేల్చింది. అవశిష్ట అధికారాలు కేంద్రానికి వచ్చాయి. పంజాబులో, బెంగాలులో నెత్తురు పారుతున్న రోజులవి. సంస్థానాలు ఇంకా దారికి రాలేదు. తిండిగింజల కొరత ఒకవైపు. ఆ భయాల మధ్య కూర్చుని రాసిన సమాఖ్య మనది. కేంద్రం ఇంత బలంగా ఎందుకుందని ఈనాడు అడిగేవాళ్లు ఆ వేసవిని ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆ వేసవి గడిచి ముప్పావు శతాబ్దం దాటిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

1947 ఆగస్టు 29న అంబేద్కర్ అధ్యక్షతన ముసాయిదా కమిటీ ఏర్పడింది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం నుంచి మూడు జాబితాల పద్ధతిని తీసుకున్నారు. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. ఆ కమిటీలో మన నెల్లూరు సీమలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. తర్వాత ఒక ఖాళీలో మచిలీపట్నంలో పుట్టి మైసూరు దివానుగా పనిచేసిన న్యాపతి మాధవరావు చేరారు. సభలో పట్టాభి సీతారామయ్య, ప్రకాశం పంతులు, ఎన్.జి. రంగా, నీలం సంజీవరెడ్డి, మోటూరి సత్యనారాయణ ఉన్నారు. దుర్గాబాయి ఉన్నారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్లని పెట్టబోతే, దాన్ని 30కి తగ్గించాలని సవరణ తెచ్చి ఒప్పించింది ఆమే.

మాధవరావు తప్ప వీళ్లంతా మద్రాసు రాష్ట్రం తరఫున వెళ్లినవాళ్లు. హైదరాబాదు సంస్థానం నుంచి రాజ్యాంగ సభలో ఒక్క ప్రతినిధీ లేరు. తెలంగాణ పల్లెలు అప్పుడు నిజాం మీద, దొరల మీద పోరాటంలో మునిగి ఉన్నాయి. ఆ తర్వాత పోలీసు చర్య జరిగింది. 1949 నవంబరులో నిజాం ఒక ఫర్మానా జారీ చేసి కొత్త రాజ్యాంగాన్ని అంగీకరించాడు. ఆ రాజ్యాంగం రాసిన చోట తెలంగాణ మనిషి గొంతు వినిపించలేదన్నది చరిత్రలో మిగిలిపోయిన లోటు. అక్కడి ప్రజలు తర్వాతి దశాబ్దాల్లో రాజ్యాంగాన్ని అంత గట్టిగా పట్టుకుని ప్రశ్నలు వేశారంటే అందులో ఆశ్చర్యం లేదు.

ఇక సవరణల సంగతి. రాసిన రాజ్యాంగాన్ని రేపు మార్చే దారి ఏమిటన్నది 1949 సెప్టెంబరు 17న సభ ముందుకు వచ్చింది. తొలి ఏళ్లలో మామూలు మెజారిటీతోనే మార్చనివ్వాలని కొందరు సభ్యులు కోరారు. అంబేద్కర్ అధికరణలను మూడు తరగతులుగా విడదీసి వివరించారు. కొన్నింటిని మామూలు చట్టంలాగే మార్చవచ్చు. ఎక్కువ భాగాన్ని ఉభయ సభల్లో హాజరై ఓటు వేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మద్దతుతో, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఓట్లతో మార్చవచ్చు. మూడో తరగతికి వీటితో పాటు సగం రాష్ట్రాల ఆమోదమూ కావాలి. రాష్ట్రపతి ఎన్నిక, సుప్రీంకోర్టు, హైకోర్టులు, మూడు జాబితాలు, పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యం, సవరణ పద్ధతిని చెప్పే 368వ అధికరణ ఈ మూడో తరగతిలోకి వస్తాయి. కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య జరిగిన పంపకాన్ని ఒక పక్షమే తిరగరాయకూడదన్నది దీని వెనుక ఉన్న న్యాయం.

మిగతా సమాఖ్య దేశాలతో పోలిస్తే మనది సులువైన దారే. అమెరికాలో నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి. అందుకే అక్కడ రెండు వందల ఏళ్లు దాటినా సవరణలు 27 మాత్రమే. వాటిలో చివరిది 1789లో ప్రతిపాదిస్తే 1992లో గానీ ఆమోదం పూర్తికాలేదు. ఆస్ట్రేలియాలో ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. దేశం మొత్తం మీద మెజారిటీ రావాలి, ఆరు రాష్ట్రాల్లో నాలుగింటిలోనూ రావాలి. అక్కడ 45 ప్రతిపాదనలు ప్రజల ముందుకు వెళితే నెగ్గినవి 8. మన దగ్గర 2023లో చట్టసభల్లో మహిళలకు మూడో వంతు స్థానాలు ఇచ్చే సవరణతో సంఖ్య 106కు చేరింది.

రాష్ట్రాలకు ఇంత మాట ఇచ్చిన రాజ్యాంగమే ఒక చోట ఆ మాటను దాదాపు లేకుండా చేసింది. అది తెలుగువాళ్లకు రెండుసార్లు అనుభవమైన చోటు, మూడో అధికరణ. కొత్త రాష్ట్రం ఏర్పాటు చేయాలన్నా, సరిహద్దు మార్చాలన్నా, చివరికి పేరు మార్చాలన్నా పార్లమెంటు మామూలు మెజారిటీతో చేసేయవచ్చు. ఆ చట్టం రాజ్యాంగ సవరణ కిందికి రాదని నాలుగో అధికరణ చెబుతుంది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, అంతే. ఆ అభిప్రాయానికి కట్టుబడనక్కరలేదు.

దీని మీద 1948 నవంబరులో రాజ్యాంగ సభలో వాదన జరిగింది. ఇలాంటి ప్రతిపాదన సంబంధిత రాష్ట్ర శాసనసభలోనే పుట్టాలని కె.టి. షా పట్టుబట్టారు. దానికి జవాబిచ్చిన కె. సంతానం ఉదాహరణగా ఎత్తింది మన పేరే. మద్రాసు శాసనసభలో ఆంధ్రులు విడిపోతామని తీర్మానం పెడితే అక్కడి మెజారిటీ ఓడిస్తుంది, ఇక ఆంధ్రులకు దారే ఉండదు అన్నారాయన. నాలుగేళ్లు గడిచాయి. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చుని డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది.

ఆ తర్వాత భాషా రాష్ట్రాల పునర్విభజన తలపెట్టినప్పుడు కేంద్రానికి ఒక చిక్కు కనబడింది. రాష్ట్రాలు అభిప్రాయం చెప్పకుండా కాలయాపన చేస్తే ఎలా? 1955 డిసెంబరులో అయిదో సవరణ వచ్చింది. ఫలానా గడువులోగా చెప్పాలి, చెప్పకపోతే పని ఆగదు అని తేల్చింది. మరుసటి ఏడాది ఏడో సవరణతో ఏ, బీ, సీ, డీ అన్న రాష్ట్రాల తరగతులు రద్దయ్యాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరిలో లోక్‌సభ, రాజ్యసభ ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ వచ్చింది.

ఆ విభజనలో ఎవరు ఎటు నిలబడినా ఒక సంగతి ఒప్పుకోవాలి. పెద్ద రాష్ట్రం సమ్మతి తప్పనిసరి అయి ఉంటే తెలంగాణ వచ్చేది కాదు. నా మటుకు నాకు సంతానం వాదనే సబబుగా తోస్తుంది. సంఖ్యాబలం లేని ప్రాంతానికి పార్లమెంటు తలుపు తెరిచి ఉండాలి. కానీ అభిప్రాయం అడగడం మొక్కుబడి కాకూడదు. తిరస్కరించిన శాసనసభ చెప్పిన కారణాల్లో నీళ్ల పంపకం, రాజధాని, అప్పుల వంటి వాటికి చట్టంలో గట్టి జవాబు దొరకాలి. అక్కడ మనం నష్టపోయాం. రెండు రాష్ట్రాలూ నష్టపోయాయి.

సవరణల కథలో అందరూ చెప్పుకునే ఘట్టం ఆస్తి హక్కు మీద కోర్టులకూ పార్లమెంటుకూ నడిచిన పోరు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడాదిన్నర తిరగకముందే, 1951 జూన్‌లో, మొదటి సవరణ వచ్చింది. అప్పటికి సాధారణ ఎన్నికలే జరగలేదు. తాత్కాలిక పార్లమెంటు ఒకే సభగా కూర్చుని ఆ పని చేసింది. జమీందారీ రద్దు చట్టాలను కోర్టుల నుంచి కాపాడడానికి తొమ్మిదో షెడ్యూలు అప్పుడే పుట్టింది. మద్రాసు రాష్ట్రంలో కులాల వారీ సీట్ల కేటాయింపును చంపకం దొరైరాజన్ కేసులో కోర్టు కొట్టివేస్తే, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే వీలు కల్పించే నిబంధన కూడా ఆ సవరణతోనే చేరింది. భావప్రకటన స్వేచ్ఛ మీద కొత్త పరిమితులూ దాంతోనే వచ్చాయి. మేలు, కీడు ఒకే బిల్లులో కలిసి రావడం ఆనాడే మొదలైంది.

1967లో గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు లేదని సుప్రీంకోర్టు 6-5 మెజారిటీతో చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. ఇందిరాగాంధీ ప్రభుత్వం 24వ సవరణతో దానికి బదులిచ్చింది. కేరళలోని ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి భూసంస్కరణల మీద వేసిన కేసులో 13 మంది న్యాయమూర్తులు 68 రోజులు వాదనలు విన్నారు. 1973 ఏప్రిల్ 24న 7-6 తేడాతో తీర్పు వచ్చింది. పార్లమెంటు ఏ అధికరణనైనా సవరించవచ్చు, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపకూడదు. ఆ ఏడుగురిలో ఒకరు హైదరాబాదుకు చెందిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి. ఆ మెజారిటీ నిలిచింది ఒక్క ఓటు మీద. సమాఖ్య వ్యవస్థ కూడా మౌలిక స్వరూపంలో భాగమేనని 1994లో బొమ్మై కేసులో కోర్టు స్పష్టంగా చెప్పింది. 356వ అధికరణను ఇష్టం వచ్చినట్టు వాడి రాష్ట్ర ప్రభుత్వాలను కూలదోసే అలవాటుకు కళ్లెం పడింది అక్కడే.

రాష్ట్రాల సమ్మతి ఎలా దుర్వినియోగం అవుతుందో చూడాలంటే 1975 ఆగస్టులోకి వెళ్లాలి. ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని జూన్‌లో అలహాబాదు హైకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పీలు ఆగస్టు 11న సుప్రీంకోర్టులో విచారణకు రావాలి. ఎమర్జెన్సీ నడుస్తోంది, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు. ప్రధానమంత్రి ఎన్నికను కోర్టులు విచారించకూడదంటూ 39వ సవరణ బిల్లు ఆగస్టు 7న లోక్‌సభలో పెట్టి ఆ రోజే ఆమోదించారు. 8న రాజ్యసభ ఆమోదించింది. 9వ తేదీ శనివారం. ఆ ఒక్క రోజులో రాష్ట్రాల శాసనసభలను హడావిడిగా పిలిపించి కావలసినన్ని రాష్ట్రాల చేత సరేననిపించారు. 10వ తేదీ ఆదివారం రాష్ట్రపతి సంతకం అయిపోయింది.

నాలుగు రోజులు! ఇంటి స్థలం మ్యుటేషన్‌కు ఇంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. రాష్ట్రాలను కాపాడడానికి, తొందరపాటును ఆపడానికి పెట్టిన అడ్డుకట్టను రాష్ట్రాలే ఒక శనివారం తలుపులు బార్లా తెరిచి దాటించేశాయి. ఆ నవంబరులో సుప్రీంకోర్టు మౌలిక స్వరూప సూత్రాన్ని వాడి ఆ సవరణలోని ముఖ్య భాగాన్ని కొట్టివేసింది. శాసనసభలు చేయవలసిన పని కోర్టు చేయవలసి వచ్చింది.

మరుసటి ఏడాది 42వ సవరణ. అందులో 59 క్లాజులు. పీఠికలో మాటలు చేరాయి, పౌరుల విధులు చేరాయి, లోక్‌సభ గడువు ఆరేళ్లయింది. మన పిల్లల బడి మీద దెబ్బ పడిందీ అందులోనే. విద్య, అడవులు, వన్యప్రాణుల రక్షణ రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు వెళ్లిపోయాయి. ఎమర్జెన్సీ పోయాక 44వ సవరణ చాలా గాయాలు మాన్పింది. దేశంలో అంతర్గత కల్లోలం సాకుతో మళ్లీ ఎమర్జెన్సీ పెట్టకుండా సాయుధ తిరుగుబాటు అన్న షరతు తెచ్చింది. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసింది. విద్యను మాత్రం ఎవరూ రాష్ట్రాలకు తిరిగి ఇవ్వలేదు. నేడు వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష మీద రాష్ట్రాలు పడే గొడవలకు వేరు అక్కడుంది.

తెలుగు నేల కోసమే వచ్చిన సవరణ ఒకటుంది, 32వది. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం కుదిరింది. దానికి చట్టబద్ధత ఇవ్వడానికి 371-డి అధికరణ చేర్చారు. స్థానికులకు చదువుల్లో, ఉద్యోగాల్లో న్యాయమైన వాటా దక్కేలా జోన్లు వచ్చింది దీని కిందే. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి 371-ఇ. అయితే అదే 371-డిలో ఒక చిన్న నిబంధన దూరింది. ఉద్యోగుల ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేయవచ్చట! కేసులో ప్రతివాదే తీర్పును కొట్టివేసుకునే వీలు. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను తుడిచేసింది. రాష్ట్రానికి అధికారం ఇచ్చిన సవరణ అయినంత మాత్రాన మంచిదైపోదని మన దగ్గరే రుజువైంది.

ఇటీవలి కాలంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే తీర్పు పత్రికల్లో పెద్దగా చర్చకు రాలేదు. 97వ సవరణ సహకార సంఘాల మీద. ఎంతమంది డైరెక్టర్లు ఉండాలి, ఎన్నికలు ఎప్పుడు జరపాలి, ఆడిట్ ఎలా చేయాలి, అన్నీ రాజ్యాంగంలోనే రాసేశారు. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలో ఉన్న విషయం. పార్లమెంటు ఉభయ సభలూ ఆమోదించాయి గానీ రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదు. గుజరాత్ హైకోర్టు చెల్లదంది. 2021 జూలై 20న సుప్రీంకోర్టు కూడా, రాష్ట్రాల లోపల పనిచేసే సంఘాల వరకు అది చెల్లదని ఖాయం చేసింది. జాబితా పేరు ఎత్తకుండానే రాష్ట్రాల అధికారాన్ని గణనీయంగా కుదిస్తే, అప్పుడు కూడా రాష్ట్రాలను అడగాలి. పల్లెటూరి పరపతి సంఘం దగ్గర నిలిచిన సమాఖ్య సూత్రం ఇది.

ఇలాంటిదే మరొకటి. 2018లో 102వ సవరణ తర్వాత, వెనుకబడిన కులాలను గుర్తించే అధికారం రాష్ట్రాల చేతిలో లేదని 2021 మే నెలలో కోర్టు తీర్పు చెప్పింది. రాష్ట్రాలన్నీ గగ్గోలు పెట్టాయి. ఆగస్టుకల్లా 105వ సవరణతో ఆ అధికారం తిరిగి వచ్చింది. అడిగితే వస్తుంది. అడిగినవాళ్లు అన్ని పార్టీలవాళ్లూ అయితే త్వరగా వస్తుంది.

రాష్ట్రాల ఆమోదంతో వచ్చినవాటిలో మేలు చేసినవి ఉన్నాయి. ఓటు వయసును 18కి దించిన 61వ సవరణ, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా వచ్చిన 73, 74 సవరణలు అలాంటివే. ఊరి పంచాయతీలో మూడో వంతు స్థానాల్లో ఆడవాళ్లు కూర్చున్నారంటే దానికి రాజ్యాంగంలో పునాది అప్పుడు పడింది. 2016 నాటి 101వ సవరణతో జీఎస్టీ వచ్చింది. పన్ను వేసే అధికారంలో పెద్ద భాగాన్ని రాష్ట్రాలు తమంతట తాము ఒక మండలికి అప్పజెప్పాయి. ఆ మండలిలో కేంద్రం ఓటు విలువ మూడింట ఒకటి, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు. నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే కేంద్రం కాదంటే ఏదీ సాగదు. ఇంత పెద్ద మార్పు మీద మన శాసనసభలు ఎన్ని రోజులు చర్చించవలసింది? చాలా చోట్ల ఒక్క పూటలో ముగించారు.

రాబోయే పరీక్ష ఇంకా పెద్దది. లోక్‌సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలన్న లెక్క 1971 జనాభా మీద ఆగి ఉంది. 42వ సవరణ దాన్ని ఆపింది, 2001లో 84వ సవరణ 2026 తర్వాత జరిగే తొలి జనగణన వరకు పొడిగించింది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు ఆ కారణంగా స్థానాలు తగ్గకూడదన్నది ఉద్దేశం. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కోవలోవే. పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యాన్ని మార్చే రాజ్యాంగ సవరణకు సగం రాష్ట్రాల ఆమోదం కావాలని 368వ అధికరణ చెబుతోంది.

కాబట్టి శ్రోతలారా, మీకు నా మనవి ఒక్కటే. ఆమోదం కోసం రాజ్యాంగ సవరణ మన శాసనసభకు వచ్చిన ప్రతిసారీ బిల్లు ప్రతిని ముందుగా తెలుగులో ప్రజల ముందు పెట్టమని, సభా సంఘానికి పంపి అభిప్రాయాలు తీసుకోమని, ఒక పూటలో ముగించకుండా ఓటింగు జరిపి ఎవరు ఎటు నిలబడ్డారో నమోదు చేయమని మీ ఎమ్మెల్యేకి ఉత్తరం రాయండి. ఊరికి వచ్చినప్పుడు నిలబెట్టి అడగండి. ఏ పార్టీ అన్నది చూడకండి.